దొరువు అడుగున

ఏంజెలిన్ ఇచ్చిపోయిన కాగితాల కట్ట మా వంటింటి గట్టు మీద, ఊరగాయ జాడీకీ మిక్సీకీ మధ్య, రెండు రోజులు అట్లాగే ఉండిపోయింది. డీటీపీ సెంటర్లో టైపు చేయించిన నూట పన్నెండు పేజీలు. పైన పెద్దక్షరాల్లో ‘గుహలు, గుంటలు, ఊటలు’ అనీ, కింద ‘ఎం. హెబ్రోను, రిటైర్డు ఉపాధ్యాయుడు’ అనీ ఉంది.

“తప్పులుంటే దిద్దిపెట్టు రేవతక్కా. శనివారం మధ్యాహ్నం ప్రెస్సుకు ఇచ్చేయాలి. ఎనభై రెండో పుట్టినరోజుకు నాన్న చేతిలో పెట్టాలని నా ఆశ. మీ ఊరి బళ్ళో నాన్న దగ్గర చదివినదానివి, నీకంటే ఎవరికి తెలుసు చెప్పు,” అని, టీ కూడా పూర్తిగా తాగకుండా ఆస్పత్రి డ్యూటీకి పరిగెత్తింది.

గురువారం పొద్దున పప్పు పొయ్యి మీద పెట్టి మొదటి పేజీ తీశాను. పప్పు అడుగంటింది.

మిట్టపాళెం బళ్ళో హెబ్రోను సార్ మాకు ఏడో తరగతిలో సాంఘికం చెప్పేవారు. ఆయన దగ్గర ఒక లావుపాటి అట్ట పుస్తకం ఉండేది. నెల్లూరు వెళ్ళినప్పుడల్లా పాత కాగితాల కొట్టులో తూకానికి ఇంగ్లీషు పత్రికలు కొని, వాటిలో బొమ్మలు కత్తిరించి, మైదాపిండి జిగురుతో అంటించేవారు. పుస్తకం తెరిస్తే ముందు ఆ పులిసిన మైదా వాసన, తర్వాత ప్రపంచం. బొమ్మల్ని మా చేతికి ఇచ్చేవారు కాదు. తానే పట్టుకుని బెంచీల మధ్య నెమ్మదిగా నడిచేవారు, హారతి పళ్ళెం తిప్పినట్టు.

“మెక్సికోలో ఒకచోట నేలంతా సున్నపురాయి. వాన నీళ్ళు ఆ రాయిని లోపల్లోపల కరిగించేస్తాయి. పైకి ఏమీ తెలియదు. ఒకరోజు కప్పు కూలుతుంది. ఎవరూ తవ్వని బావి నోరు తెరుస్తుంది.”

పెంచలకృష్ణ చెయ్యెత్తేవాడు. “సార్, అది కూలేటప్పుడు పైన బర్రె మేస్తా ఉంటే?”

“బర్రెకు ఈత వచ్చురా. నీకే రాదు.”

బెలుం గుహల్లో పాతాళగంగ గురించి చెప్పారు. ఎన్ని తాళ్ళు వదిలినా అడుగు అందని ఫ్రాన్సు దేశపు ఊట గురించి చెప్పారు. బహ్రెయిన్ దగ్గర సముద్రం అడుగున మంచినీళ్ళు ఊరతాయనీ, మునిగేవాళ్ళు తోలుసంచులతో కిందికి దిగి ఉప్పు నీళ్ళ కడుపులోంచి తాగే నీళ్ళు పట్టుకొచ్చేవాళ్ళనీ చెప్పారు. ఆ రోజు ఇంటికి పోయి మా అవ్వ వెంకటశేషమ్మకు చెప్తే, “మీ అయ్యవారికి ఎండదెబ్బ తగిలుంటాది. ఇంత మజ్జిగ పంపిస్తా, రేపు తీసుకపో,” అనింది. నిజంగానే పంపించింది. సార్ తాగి, చెంబు కడిగి ఇచ్చారు.

ఇవన్నీ ఆ టైపు కాగితాల్లో ఉన్నాయి. చదువుతుంటే ఆయన గొంతే వినిపించింది. అక్కడక్కడా అక్షరదోషాలు దిద్దుతూ, మాడిన పప్పు గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టి, చివరి పేజీకి వచ్చాను.

‘మిట్టపాళెం దొరువు’ అని ఉంది శీర్షిక.

“ప్రపంచంలోని ఇన్ని ఊటల గురించి రాసిన నేను, నాకు దక్కిన ఒక్క ఊటను కాపాడలేకపోయాను. పిల్లలకు లోతు చూపించాలన్న ఉత్సాహంతో దొరువులో వెదురు గుచ్చాను. అడుగున ఉన్న బంకమట్టి పొర చిరిగి ఉప్పు నీళ్ళు పైకి వచ్చాయి. ఊరంతా తాగే నీళ్ళు నా అజ్ఞానం వల్ల చెడిపోయాయి. ఆ ఊరి ఆడవాళ్ళందరికీ నేను క్షమాపణ చెప్పుకోవాలి. ఈ పుస్తకం అందుకే రాశాను.”

పేజీ తిప్పి వెనక చూశాను. ఏమీ లేదు. అంతటితో అయిపోయింది.

ఆ దొరువును చెడగొట్టింది హెబ్రోను సార్ కాదు. నేను.

*

మా ఊరికీ సరుగుడు తోటకూ మధ్య, ఇసకలో కళ్ళమంత వెడల్పు గుంట మా దొరువు. చుట్టూ ఏటవాలుగా దిగితే నడిమధ్యలో రెండు చేటలంత మేర నీళ్ళు, పిక్కల్లోతు. అటు మైలున్నర పోతే పులికాట్ ఉప్పు నీళ్ళు. అయినా ఈ గుంటలో నీళ్ళు మటుకు టెంకాయ నీళ్ళలాగా ఉండేవి. ఇసకలోకి ఇంకిన వాననీళ్ళే ఊరి వచ్చేవి. కడవ ముంచకూడదు. టెంకాయ చిప్పతో పైపైన తీసి కడవలో పోసుకోవాలి. కడవ సగమయ్యాక ఆగాలి, మళ్ళీ ఊరిందాకా గట్టున కూర్చోవాలి. ఊరిలోని మంచీ చెడూ అంతా ఆ కూర్చున్న కాసేపట్లోనే తేలిపోయేది. ఏటా ఎండాకాలం ముందు పూడిన ఇసక తీసేది కూడా ఆడవాళ్ళే, అదీ చేతులతో. పార దించకూడదు. మా అవ్వ ఆ దొరువుకు పెద్ద. బిందె ముంచినవాళ్ళను తిడితే ఆ తిట్లు సరుగుడు తోట దాటి వినిపించేవి.

ఆ మార్చిలో సార్ మా తరగతినంతా దొరువుకు తీసుకొచ్చారు. మూరమూరకూ సుద్దతో గీత పెట్టిన సన్నటి వెదురును నీళ్ళ అంచున నెమ్మదిగా దించారు. మూర, రెండు మూరలు. రెండున్నర దగ్గర ఆగింది.

“బంక తగిలింది. ఇదీ మన దొరువుకు గిన్నె అడుగు,” అన్నారు.

“దాని కిందేముంది సార్?” అని అడిగింది నేనే.

“ఎవరూ చూడలేదమ్మా. ఉప్పు నీళ్ళే అయ్యుండాలి.”

నాకు మొదటి ముక్కే చెవికెక్కింది. ఎవరూ చూడలేదు. అట్టపుస్తకంలో బొమ్మ చూసినదాన్ని కదా, మా దొరువు కింద కూడా గుహ ఉందనే అనుకున్నాను. నీలం వెలుతురు, పైనుంచి వేలాడే రాళ్ళు. దాన్ని నేను కనుక్కుంటే సార్ నా పేరు పుస్తకంలో రాస్తారు.

తొమ్మిది రోజుల తర్వాత ఒక మిట్టమధ్యాహ్నం, అవ్వ కునుకు తీస్తున్నప్పుడు, గొడ్లపాకలోని గడ్డపార భుజాన వేసుకుని పోయాను. పన్నెండేళ్ళదాన్ని. నీళ్ళ నడుమ నిలబడి ఇసకను కాళ్ళతో తోసి గడ్డపార పొడిచాను. ఎన్ని పోట్లో గుర్తు లేదు. ఒక్కసారిగా గడ్డపార తనంతట తానే జర్రున దిగిపోయింది. అరికాళ్ళకు చల్లగా ఏదో తగిలింది. గుహ దొరికిందనుకుని గట్టిగా నవ్వాను, ఒక్కదాన్నే. వంగి చెయ్యి పెట్టి చూస్తే గుహా లేదు, ఏమీ లేదు. కుళ్ళిన నాచు వాసన వేసే నల్ల బంక చేతికంటింది. భయమేసి ఇసక తోసి కప్పేసి ఇంటికి వచ్చాను.

మూడో రోజు పొద్దున అవ్వ చిప్పతో నోట్లో పోసుకుని ఉమ్మేసింది. “ఉప్పు,” అనింది. మళ్ళీ ఒకసారి చూసి, “ఆ అయ్యవారు వెదురు గుచ్చినాడే, అదీ దీని పని,” అనింది.

అంతే, ఊరంతా ఆ మాటే పట్టుకుంది. గట్టు మీద నేను అవ్వ పక్కనే, చిప్ప చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాను. అదే సమయానికి సార్ భార్య ఎలిశబెతమ్మ కడవతో దిగి వస్తా ఉంది. “ఇంకేం మిగిలిందని వస్తా ఉండావు తల్లీ? నీ మొగుడు పెట్టిన చిచ్చే ఇది,” అనింది ఎవరో. ఆమె ఖాళీ కడవ చంక మార్చుకుని వెనక్కి తిరిగింది. ఆ నడక నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంది. ఆ ఎండాకాలమంతా ఊరి ఆడవాళ్ళు రెండు మైళ్ళు నడిచి నీళ్ళు తెచ్చుకున్నారు. ఎలిశబెతమ్మ అందరికంటే వెనకగా, ఒక్కతే నడిచేది. జూన్‌లో సార్ ఉదయగిరి వైపు బదిలీ చేయించుకుని వెళ్ళిపోయారు.

రెండేళ్ళ కిందట భార్య పోయాక ఆయన ఏంజెలిన్ దగ్గరికి, మేముండే నాయుడుపేటకే వచ్చారు. మా వీధికి నాలుగు వీధుల అవతల. క్రిస్మస్‌కు ఏంజెలిన్ కేకు పంపుతుంది, మా పండగకు నేను అరిసెలు పట్టుకెళ్తాను. “బాగున్నావా రేవతీ?” అంటారు ఆయన. “బాగున్నా సార్,” అంటాను. అరిసెల డబ్బా బల్ల మీద పెట్టి వచ్చేస్తాను.

*

ఆ రాత్రి అన్నాల దగ్గర మా ఆయన నరేంద్రబాబుకు చెప్పాను. ఎరువుల కొట్టు నడిపే మనిషి, ఏదైనా రెండు ముక్కల్లో తేల్చేస్తాడు.

“పప్పు మాడింది ఇందుకా?” అన్నాడు. అన్నంలో మజ్జిగ పోసుకున్నాడు. “నలభై ఏళ్ళు దాచినావు. ఇంకా నా దగ్గర ఏమేం దాచినావో.”

“ఎగతాళి కాదు. ఏంజెలిన్‌కు ఫోన్ చేసి, ఆ పేజీ బాగలేదు తీసేయమని చెప్తే సరిపోదా?”

“పేజీ తీసేస్తావు సరే. ఆయన మనసులోది ఎవురు తీస్తారు?”

లేచి చెయ్యి కడుక్కున్నాడు.

శుక్రవారం ఏంజెలిన్ డ్యూటీకి వెళ్ళాక పోయాను. సార్ వరండాలో కుర్చీలో కూర్చుని, భూతద్దంతో పేపరు చూస్తున్నారు. నా చేతిలోని కట్ట చూసి మొహం వెలిగింది.

“ఎన్ని తప్పులు పట్టినావు?”

“ముప్ఫై ఒకటి సార్.”

“నలభై ఉంటాయి. సరిగ్గా చూసుండవు.”

“సార్, ఆ చివరి పేజీ అచ్చు వేయొద్దు.”

“అది తీసేది లేదమ్మా. అది లేకుండా ఈ పుస్తకం నాకెందుకు?”

“అది తప్పు సార్. బంక పొడిచింది మీ వెదురు కాదు. నేను. మా అవ్వ గడ్డపారతో.”

భూతద్దం ఒళ్ళో పెట్టుకున్నారు. నేను నిలబడే, మొదట్నుంచీ చివరిదాకా చెప్పాను. పాఠం అప్పజెప్పినట్టే. ఆయన మధ్యలో ఒక్కసారే ఆపారు.

“ఎంత లోతు దిగింది?”

“గడ్డపార పట్టుకున్న చెయ్యి మణికట్టు దాకా ఇసకలోకి పోయింది సార్.”

“అంటే గడ్డపార మొత్తం. బంక నల్లదా, నీలమా?”

“నల్లది. కుళ్ళు వాసన.”

“నా వెదురు రెండున్నర మూరల దగ్గర ఆగింది. గట్టిగా నొక్కలేదు. నొక్కలేదని నాకు తెలుసు.” ఆయన గొంతు పెరిగింది. “ఎలిశబెతుకు ఎన్నిసార్లు చెప్పినానో. నొక్కలేదు ఎలిశా, తాకగానే తీసేసినా అని. మరి ఉప్పెట్ట వచ్చింది అనేది ఆమె. దానికి నా దగ్గర జవాబు లేదు. ఏళ్ళు గడిచేకొద్దీ నొక్కినానేమో అని నాకే అనుమానం వచ్చింది. చివరికి నొక్కినాననే రాసినా.”

నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది నాకు.

“తప్పయిపోయింది సార్. చిన్నపిల్లను, భయపడి...”

“పన్నెండేళ్ళప్పుడు భయపడినావు. సరే. ఇరవై ఏళ్ళప్పుడు? నలభై ఏళ్ళప్పుడు? పోయిన పండక్కి అరిసెలు తెచ్చినప్పుడు?”

రోడ్డు మీద ఎవరో పాత ఇనుపసామాను కొంటామని అరుచుకుంటూ పోయారు.

“ఇది నువ్వు చెప్పాల్సింది నాకు కాదు,” అన్నారు. “రెండు మైళ్ళు నీళ్ళు మోసిన మనిషికి. ఆమె లేదు.”

ఇంక వెళ్ళిపొమ్మంటారనుకున్నాను. ఆయన భూతద్దాన్ని పంచె కొంగుతో తుడిచి, ఇటూ అటూ తిప్పి చూసి, “ఆ దొరువు ఇప్పుడెట్టా ఉంది?” అన్నారు.

“తెలీదు సార్. ట్యాంకు వచ్చాక అటు ఎవరూ పోరు. ఇప్పుడైతే అందరూ క్యాన్లే.”

“ఉప్పేనా ఇంకా?”

“ఉప్పే అంటారు.”

“ఎవరన్నా తాగి చూసినారా?”

నేను ఆలోచించాను. మా అవ్వ ఉమ్మేసిన రోజు తర్వాత ఎవరైనా నోట్లో పోసుకున్నట్టు నాకు గుర్తు లేదు.

“రేపు పొద్దున నన్ను తీసుకపో,” అన్నారు సార్.

*

నరేంద్రబాబు కారు తీశాడు. ముందు సీట్లో సార్, వెనక నేనూ ఏంజెలినూ. సార్ రాత్రే కూతురికి అంతా చెప్పినట్టుంది. ఎక్కేటప్పుడు నన్ను ‘అక్కా’ అనలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చిట్టమూరు దాటాక, “చిన్నప్పుడు ఉదయగిరిలో అమ్మ నన్ను ఒక్క బొట్టు నీళ్ళు పారబోయనిచ్చేది కాదు. పిసినారిదనుకునేదాన్ని,” అనింది. నాతోనో కిటికీతోనో తెలియలేదు.

సరుగుడు తోటను ఎప్పుడో కొట్టేశారు. మళ్ళీ నాటిన మొక్కలు మనిషెత్తు ఉన్నాయి. దారి దొరక్క నరేంద్రబాబు రెండుసార్లు బండి వెనక్కి తిప్పాడు. గుర్తు పట్టింది సారే. “అదుగో, ఆ మొగలి పొద,” అన్నారు.

గుంట సగం పూడింది. ఏటవాలు మీద కసువు పెరిగింది. నడిమధ్య నీళ్ళు లేవు. జమ్ము మటుకు పచ్చగా, నా నడుమెత్తు నిలబడి ఉంది. సార్‌కు ప్లాస్టిక్ కుర్చీ గట్టు మీద వేశాము. ఆయన చేతికర్రతో జమ్మును చూపించారు.

“దాని వెనక. పల్లంలో. చేత్తోనే తియ్యి.”

చీర కుచ్చెళ్ళు దోపుకుని దిగాను. యాభై రెండేళ్ళ మోకాళ్ళు, కూర్చోడానికే తిప్పలైంది. పైన ఎండిన ఇసక, కింద తడి ఇసక. జానెడు తీశాక వేళ్ళ సందుల్లో చల్లగా తగిలింది. మళ్ళీ అదే చలి. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

“ఇంకొంచెం తవ్వక్కా,” అనింది ఏంజెలిన్ పైనుంచి.

“వద్దు,” అన్నారు సార్. “ఆగాలి.”

ఆగాము. నరేంద్రబాబు చెప్పులు విప్పి గట్టున కూర్చుని, “నేను ఇంత సేపు కొట్టు మూసింది మా నాయన పోయినప్పుడే,” అన్నాడు. సార్ నవ్వారు. ఇసక గుంటలో ముందు మసకమసకగా, తర్వాత కొంచెం తేటగా, అరచేతి వెడల్పున నీళ్ళు నిలబడ్డాయి. ఇంట్లో టెంకాయ కొట్టి తెచ్చిన చిప్ప నా సంచీలో ఉంది. పైపైన తీశాను. సార్‌కు ఇవ్వాలని ఎక్కబోయాను.

“ముందు నువ్వు,” అన్నారు.

నోట్లో పోసుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. ఉప్పు కోసం నాలుకంతా వెతికాను. మట్టి వాసన ఉంది, ఆకు కుళ్ళిన వగరు ఉంది. ఉప్పు లేదు. చిన్నప్పటి తీపీ లేదు. చప్పటి నీళ్ళు. మింగాను.

“చప్పగా ఉన్నాయి సార్. ఉప్పు లేదు.”

రెండో చిప్ప ఆయనకు పట్టుకెళ్ళాను. వణికే చేతుల్తో రెండు గుక్కలు తాగి, పెదాలు తుడుచుకోకుండా కూర్చున్నారు.

“బంక తనే పూడుకునుంటాది. పైన నలభై ఏళ్ళ వాన.” చిప్పలో మిగిలిన నీళ్ళు చూస్తూ అన్నారు. “ఇది ఎప్పుడో బాగయింది రేవతీ. నువ్వూ రాలేదు, నేనూ రాలేదు.”

ఏంజెలిన్ గబగబా దిగింది. సంచీలోంచి ఖాళీ నీళ్ళ సీసా తీసి, మూత విప్పి, నేను తవ్విన గుంటలోకి అదిమింది.

“ముంచొద్దు!”

సార్, నేను ఒకేసారి అరిచాము. మా అవ్వ గొంతు నాలోంచి వచ్చినట్టయింది. ఏంజెలిన్ బిత్తరపోయి సీసా పైకెత్తింది. నీళ్ళు మురికయ్యాయి. పైన నరేంద్రబాబు నవ్వాపుకోలేక దగ్గుతున్నాడు.

“ఏందక్కా, ఏమైందిప్పుడు?” అనింది. ఆ పొద్దున మొదటిసారి ‘అక్కా’ అనింది.

“చిప్పతో తియ్యాల. పైపైన. సగమయ్యాక ఆగాల.”

“ఇట్టా అయితే సీసా నిండేదెప్పుడు?”

“నిండినప్పుడే,” అన్నారు సార్. “నిండినాక మీ అమ్మ సమాధి దగ్గర గన్నేరుకు పోయాల. రేవతి పోస్తాది. పోసేటప్పుడు నాకు చెప్పిందంతా ఆమెకూ చెప్తాది.”

“చెప్తాను సార్,” అన్నాను.

“మరి చివరి పేజీ నాన్నా? ప్రెస్సోళ్ళు మధ్యాహ్నానికి రమ్మన్నారు.”

“సోమవారం వస్తామని చెప్పు. పుట్టినరోజు మళ్ళీ ఏడాది వస్తాది.” జేబులోంచి పెన్ను తీసి నా వైపు చాచారు. “నా చేతులు వణుకుతాయి. నేను చెప్తా, నువ్వు రాయి. నీ పేరుతో సహా రాయాల. ముందు ఆ నీళ్ళు తేరనీ.”

నేను ఇసకలో చతికిలబడ్డాను. ఏంజెలిన్ నా పక్కనే గొంతుక్కూర్చుంది, చిప్ప పట్టుకుని. ఇద్దరం మురికి తేరేదాకా ఆ అరచేతి నీళ్ళ వైపే చూస్తూ కూర్చున్నాము.

“ఉదయగిరిలో మీ ఇల్లు ఎట్టా ఉండేది?” అని అడిగాను. ఆమె చెప్పడం మొదలుపెట్టింది.